తేరికాడు రాళ్ళు ఏ భాష మాట్లాడినాయి?



పోయిన నెల మన వాట్సాప్ గుంపులో ఒక ఫోటో తిరిగింది. మీలో చాలామంది చూసే ఉంటారు. పాత ఇంగ్లీషు పత్రికలో ఒక పేజీ, దాని మీద గోరంత గోరంత రాతి పనిముట్ల బొమ్మలు, పైన తిరునెల్వేలి జిల్లా పేరు. ఎవరో దాని మీద ఎర్ర అక్షరాలతో రాసినారు: "6,000 ఏళ్ళ కిందటే ఈ సముద్రతీరం మనది. వందేరి అనేవాళ్ళకు ఈ పేజీ చూపించండి."

వందేరి అంటే బయటినుంచి వచ్చి చేరినవాడు అని తమిళంలో ఒక ఎత్తిపొడుపు. కోవిల్‌పట్టి, విళాత్తికుళం పక్క తెలుగువాళ్ళకు నేను ఈ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు. ఎలక్షన్లు వస్తే చాలు, ఎక్కడో ఒకచోట చెవిన పడుతుంది.

మా మేనల్లుడు ఫోన్ చేసినాడు. "మామా, నువ్వు ఆ పక్కనే బ్యాంకులో పని చేసినావు కదా, ఇది నిజమేనా? నిజమైతే నేనూ పంపిస్తా."

"ఒక వారం ఆగరా, చదివి చెప్తా" అన్నాను. నేను బి.కాం. చదివినవాణ్ణి. పురావస్తు శాస్త్రం నా సబ్జెక్టు కాదు. కానీ ముప్పై ఏళ్ళకు పైగా నా పని ఒకటే: కాగితం మీద ఉన్న అంకెకు వెనక వోచర్ ఉందా లేదా చూడటం. ఆ కళ్ళతోనే ఈ వ్యాసం చదివినాను. చదివినాక వాడికి చెప్పింది ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ పేజీ ఎక్కడిదో చెప్పాలి. భారత పురావస్తు శాఖ వెలువరించిన 'ఏన్షెంట్ ఇండియా' 12వ సంచిక, 1956. తిన్నెవెల్లి జిల్లా సూక్ష్మశిలా పనిముట్ల స్థలాల మీద జ్యూనర్, బ్రిడ్జెట్ ఆల్చిన్ కలిసి రాసిన వ్యాసం. ఫ్రెడరిక్ జ్యూనర్ జర్మనీ నుంచి లండన్ వచ్చి స్థిరపడిన పండితుడు. భూమి పొరలను బట్టి, పాత సముద్ర మట్టాలను బట్టి కాలం లెక్కగట్టడంలో ఆ రోజుల్లో ఆయన పెద్ద పేరు. బ్రిడ్జెట్ ఆల్చిన్ రాతి పనిముట్ల మనిషి. ఆమె భర్త రేమండ్ ఆల్చిన్ మన పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో బూడిద దిబ్బ తవ్వినాయన, ఆ పేరు కొందరికైనా తెలిసి ఉంటుంది.

వాళ్ళు రాసింది తేరి గురించి. తిరుచ్చెందూరు, సాయర్‌పురం, మెయ్ఞానపురం చుట్టుపక్కల సముద్రానికి కొంచెం లోపలగా ఉండే ఎర్ర ఇసుక గుట్టలను అక్కడ తేరి అంటారు. మేము తేరికాడు అనేవాళ్ళం. చూడనివాళ్ళకు ఒక పోలిక చెప్తాను: విశాఖపట్నం నుంచి భీమిలి పోయే దారిలో ఎర్రమట్టి దిబ్బలు ఉన్నాయి కదా, అవి దీనికి చుట్టాలే. ఈ ఎర్ర ఇసుక తూర్పుతీరం పొడవునా అక్కడక్కడ కనబడుతుంది. అక్కడ దిబ్బ, ఇక్కడ తేరి. పండితుల రాతల్లో తేరి అనే తమిళ మాట అట్లాగే నిలిచిపోయింది. భీమిలి దిబ్బలను భూవారసత్వ స్థలంగా గుర్తించినప్పుడు జియొలాజికల్ సర్వేవాళ్ళు మన దిబ్బ మాటను కూడా ఉంచినారు, అది సంతోషం.

ఈ ఇసుకలో చిన్న రాతి పనిముట్లు దొరుకుతాయని జ్యూనర్ కంటే ముందే తెలుసు. రాబర్ట్ బ్రూస్ ఫుట్ సాయర్‌పురం తేరిలో ఏరినాడు. మద్రాసు మ్యూజియం అయ్యప్పన్ గారు 1945లో వాటి మీద రాసినారు. 1956 వ్యాసం కొత్తగా చేసింది ఏమిటంటే, రాళ్ళను ఒక్కటే చూడలేదు. ఆ రాళ్ళు ఏ ఇసుకలో ఉన్నాయి, ఆ ఇసుక ఎప్పుడు పేరుకుంది, అప్పుడు సముద్రం ఎక్కడుంది అని మూడూ కలిపి అడిగింది. అంతకుముందు చాలామంది రాయి ఆకారం చూసి "ఇది ఫలానా యుగం" అని చెప్పి వెళ్ళిపోయేవాళ్ళు. తీరంలో మనిషి ఎప్పుడు ఉన్నాడు అని అడిగేముందు తీరం ఎక్కడ ఉండింది అని అడగాలని చెప్పడం, అదీ మన జిల్లా ఇసుక మీద నిలబడి చెప్పడం, చిన్న పని కాదు. పనిముట్ల వర్ణన కూడా చాలా శ్రద్ధగా ఉంది. తెల్ల పలుగురాయి, లేత గోధుమరంగు చెర్ట్ రాయి. నెలవంక ఆకారాలు, బాణపు మొనలు, రెండు పక్కలా నొక్కి చెక్కిన సన్న మొనలు. ఆ మొనలు సింహళం వాటికి దగ్గరగా ఉన్నాయన్న గమనిక కూడా విలువైనదే.

ఇంత చెప్పినాక నా అభ్యంతరాలు.

మొదటిది వయసు. వాళ్ళ దారి ఇది: ఈ దిబ్బలు సముద్రం ఇప్పటి కంటే 20, 30 అడుగుల ఎత్తున ఉన్న కాలానికి సంబంధించినవి, అట్లాంటి మట్టం ఫలానా కాలంలో ఉండింది, కాబట్టి ఈ మనుషులు సుమారు క్రీ.పూ. 4000 నాటివాళ్ళు. 6,000 ఏళ్ళు అనే అంకె పుట్టింది ఇక్కడే. గమనించండి, ఈ అంకె ఇసుకలోంచి రాలేదు. రాయిలోంచీ రాలేదు. ప్రపంచంలో వేరే తీరాల మీద తయారైన సముద్ర మట్టాల పట్టికలోంచి వచ్చింది. మా భాషలో చెప్పాలంటే, ఒక బ్రాంచి నిల్వను ఇంకో బ్రాంచి లెడ్జర్ చూసి రాసినట్టు. ఆ కాలంలో వాళ్ళకు వేరే దారి లేదు, నిజమే. రేడియోకార్బన్ పద్ధతి వచ్చి ఏడేళ్ళే అయింది, పైగా దానికి బొగ్గో ఎముకో కావాలి. అందుకే వాళ్ళు కూడా ఆ అంకెను సూచనగానే పెట్టినారు. ఎత్తి రాసుకున్నవాళ్ళే దాన్ని ఖరారు చేసినారు.

ఆ మట్టం లెక్కలోనే ఒక చిక్కు ఉంది. గత ఏడెనిమిది వేల ఏళ్ళలో మన ఆగ్నేయ తీరంలో సముద్రం ఇప్పటి కంటే పైకి వచ్చిన మాట వాస్తవం, కానీ తర్వాతి పరిశోధనల ప్రకారం అది ఒకటి నుంచి మూడు మీటర్లు, అంటే ఎక్కువలో ఎక్కువ పది అడుగులు. 20, 30 అడుగుల ఎత్తు అంటే ఆరు నుంచి తొమ్మిది మీటర్లు. ప్రపంచ సముద్రాలు అంత ఎత్తున నిలిచింది సుమారు 1,25,000 ఏళ్ళ కిందట, పోయిన మంచుయుగానికి ముందు. అంటే వాళ్ళు చూసిన ఎత్తైన పాత తీరం ఒక కాలానిది, దాని మీద పడుకున్న ఇసుక ఇంకో కాలానిది, ఆ ఇసుకలో రాళ్ళు మూడో కాలానివి కావచ్చు. మూడింటినీ ఒకే తేదీ కింద పోస్ట్ చేస్తే బ్యాలెన్స్ ఎట్లా కుదురుతుంది?

ఇక్కడ నిజాయితీగా ఇంకో మాట చెప్పాలి. ఇసుక రేణువు చివరిసారి ఎండ ఎప్పుడు చూసిందో లెక్కగట్టే పద్ధతి ఒకటి తర్వాత వచ్చింది. ఇసుకలోకి గొట్టం దించి, వెలుతురు తగలకుండా నమూనా తీసి, చీకటి గదిలో పరీక్ష చేస్తారు. ఆ పద్ధతితో మన తేరి ఇసుకను చూసి 2012లో వచ్చిన ఒక పరిశోధన, తీరం పక్క ఎర్ర దిబ్బలు సుమారు 11,400 ఏళ్ళ నుంచి 5,600 ఏళ్ళ కిందటి వరకు పేరుకున్నాయని తేల్చింది. అంటే జ్యూనర్ చెప్పిన 6,000 ఆ లెక్కలో ఒక చివరన ఇరుక్కుంటుంది! మరీ తప్పు కాదు కదా అని మా మేనల్లుడు గట్టిగానే వాదించినాడు. టోటల్ సరిపోయినంత మాత్రాన ఎంట్రీలు సరైనవి అయిపోవు. రెండు తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసినా అడుగున మొత్తం సరిపోతుంది, ఇన్‌స్పెక్షన్‌లో నేనే ఎన్నిసార్లు పట్టుకున్నానో. పైగా ఈ కొత్త లెక్క ఇసుక వయసు, రాయి వయసు కాదు.

ఈ తేడా ఎంత పెద్దదో సింహళం వైపు చూస్తే తెలుస్తుంది. లంక దక్షిణ తీరంలో బుందల దగ్గర కూడా ఇట్లాంటి ఎర్ర దిబ్బలే, ఇట్లాంటి నెలవంక రాళ్ళే. అక్కడ శిరాన్ దెరణియగల తవ్విన పొరల వయసు సుమారు 28,000 ఏళ్ళు అని తేలింది. మన తేరి రాళ్ళూ అంత పాతవి అని నేను అనడం లేదు. ఆకారం కలిసినంత మాత్రాన కాలం కలవదు అంటున్నాను. వేల ఏళ్ళపాటు జనం అదే పనికి అదే ఆకారం చెక్కుకున్నారు.

రెండో అభ్యంతరం ఇసుక నడక. 1987లో నేను తిరుచ్చెందూరు పక్క ఒక చిన్న బ్రాంచిలో ఉన్నాను. తాటిబెల్లం కాచేవాళ్ళకు అప్పులు ఇవ్వడం మా పని. అప్పు తీసుకున్నాయన ఇల్లు చూడటానికి ఒకసారి తేరి అంచున ఒక ఊరికి పోయినాను. ఆ పెద్దాయన గుట్ట వైపు వేలు పెట్టి, "మా తాత బావి దాని కింద ఉంది సార్" అన్నాడు. ఆడి నెల గాలికి ఇసుక లేచి నడుస్తుంది, వేప, జీడిమామిడి నాటినాకే కొంచెం ఆగింది అన్నాడు. నాకు అప్పుడు అది సెక్యూరిటీకి సంబంధించిన విషయంలాగే వినబడింది. భూమి కదిలితే తాకట్టు ఏమౌతుంది అని.

ఇప్పుడు ఆ మాటకు అర్థం వేరేగా తోస్తోంది. గాలి ఇసుకను ఎత్తుకుపోతుంది, రాయిని ఎత్తుకుపోలేదు. పై పొరలో ఉన్న రాయి, మధ్య పొరలోది, అడుగు పొరలోది అన్నీ దిగి దిగి చివరికి ఒకే గుంట అడుగున పక్కపక్కన కూర్చుంటాయి. వెయ్యేళ్ళ తేడాతో వచ్చినవాళ్ళు వదిలిన రాళ్ళు ఒకే రోజు ఒకే మనిషి పారేసినట్టు కనబడతాయి. తేరి స్థలాల్లో చాలా భాగం రాళ్ళు గాలి చెక్కిన ఇట్లాంటి పల్లాల్లో పైకి తేలినవే. 1956 వ్యాసం రాళ్ళన్నిటినీ ఒకే జనం పనితనంగా, ఒకే మూటగా చూసింది. అక్కడ నాకు గట్టిగా అనుమానం ఉంది.

తప్పు నేనూ చేసినాను, ఒప్పుకుంటాను. ఆ రోజు తిరిగి వస్తూ గుంటలో మెరుస్తున్న ఒక చిన్న చెర్ట్ ముక్క ఏరి జేబులో వేసుకున్నాను. బొటనవేలి గోరంత, ఒక అంచు వంపు, ఒక అంచు తిన్న. స్టాంపు ప్యాడ్ డబ్బాలో పెట్టుకుని ఆరు బదిలీలు తిప్పినాను. ఇప్పుడు ఏ పండితుడికి చూపించినా మొదట అడిగేది "ఎక్కడ, ఏ పొరలో?" అనే. ఆ గుంట ఎక్కడో నాకు గుర్తు లేదు. నా డబ్బాలో ఉన్నది చరిత్ర కాదు, ఉత్త రాయి. తేరికి పోయే పిల్లలకు ఒకటే చెప్తాను: చూడండి, ఫోటో తీయండి, ఏరుకోకండి.

మూడోది, వాళ్ళను చేపలు పట్టేవాళ్ళుగా చెప్పడం. ఈనాటికీ ఈ తీరంలో ఇసుక గుట్టల మధ్య పట్టపువాళ్ళు గుడిసెలు వేసుకుని ఉంటారు కాబట్టి ఆనాడూ అట్లాగే వాగునోరు, కయ్యల పక్కన చేపలు, పక్షులు పట్టుకుని బతికి ఉంటారని ఊహ. ఊహ బాగుంది, నాకూ ఇష్టమే. కానీ చేప ముల్లు చూపించలేదు, గవ్వల కుప్ప చూపించలేదు. స్థలం సముద్రం దగ్గర ఉంది అన్నదే ఆధారం. ఆ స్థలం ఆ రోజు సముద్రానికి ఎంత దూరం అన్నది పైన చెప్పిన వయసు మీద ఆధారపడి ఉంది. వయసు కదిలితే చేపలూ కదిలిపోతాయి.

ఎందుకంటే ఈ తీరం ఒకచోట నిలిచింది కాదు. సుమారు 20,000 ఏళ్ళ కిందట సముద్రం ఇప్పటి కంటే 120 మీటర్లు కిందికి ఉండేది. పాక్ జలసంధి చాలాచోట్ల పది పదిహేను మీటర్ల లోతు మించదు, అంటే రామేశ్వరం నుంచి లంకకు అప్పుడు కాలినడకే. ఆ కాలపు అసలు తీరం, ఆ తీరంలో ఉన్నవాళ్ళు ఏవైనా వదిలిపెట్టి ఉంటే అవీ ఇప్పుడు నీళ్ళ కింద ఉన్నాయి. దీనికి తిరగబడిన కథ కొర్కై. పెరిప్లస్, టాలమీ కొల్కోయ్ అని రాసిన పాండ్యుల ముత్యాల రేవు. తామ్రపర్ణి తెచ్చిన ఒండ్రుకు ఈ రోజు సముద్రం నుంచి ఆరేడు కిలోమీటర్లు లోపల పడి ఉంది. ఒకే జిల్లాలో ఒక కాలం తీరం మునిగింది, ఒక కాలం తీరం పొలమైంది.

అందుకే ఆ ఫోటోతోపాటు గుంపులో తిరిగిన ఇంకో బొమ్మ మీద కూడా ఒక మాట. ఆఫ్రికా నుంచి అరేబియా మీదుగా మన పడమటి తీరం పట్టుకుని, కన్యాకుమారి చుట్టి, తూర్పుతీరం మీదుగా బర్మా వైపు పోయే లావుపాటి బాణం గుర్తు. తొలి మనుషులు సముద్రం ఒడ్డునే నడుచుకుంటూ వచ్చినారన్న సిద్ధాంతం అది. జన్యు పరిశోధకుల్లో కొందరు బలంగా నమ్ముతారు. కానీ నేల మీద దొరికినవి చూస్తే చిత్రంగా ఉంటుంది. టోబా అగ్నిపర్వతం 74,000 ఏళ్ళ కిందట చల్లిన బూడిదకు పైనా కిందా పనిముట్లు దొరికింది పాత కర్నూలు జిల్లా జ్వాలాపురంలో, సముద్రానికి చాలా దూరం. అక్కడే సుమారు 35,000 ఏళ్ళ నాటి సూక్ష్మశిలలు కూడా ఉన్నాయి. లంకలో ఫా హియెన్ గుహ మనుషులు 45,000 ఏళ్ళ కిందట వానల అడవిలో కోతులను, ఉడతలను వేటాడి తిన్నారు. బాణం గీసిన ఒడ్డు మీద మాత్రం ఆ కాలపు స్థలం ఒక్కటీ మన దేశంలో ఖాయంగా దొరకలేదు. సముద్రం ముంచేసింది కాబట్టి దొరకదు అంటారు. కావచ్చు. కానీ రసీదు వరదలో పోయింది అంటే సస్పెన్స్ ఖాతాలో ఉంచుతాం, జమ రాయం కదా. ఆ బాణానికి అంత లావు ఎవరు ఇచ్చినారో!

ఇక మన విషయానికి వస్తాను. ఈ రాళ్ళు "మనవి" ఎట్లా అయినాయి?

కట్టబొమ్మన పాంచాలంకురిచ్చి, ఎట్టయపురం, వీటి చుట్టూ ఉన్న తెలుగు పల్లెలు ఎప్పుడు ఏర్పడ్డాయో మనకు దాపరికం ఏమీ లేదు. విజయనగరం, ఆపైన 1529 నుంచి మదురై నాయకుల కాలం, పాళయాలు. మన పెద్దవాళ్ళు దిగింది కూడా ఎర్ర తేరిలో కాదు, నల్లరేగడిలో. ఇక్కడివాళ్ళు కరిసల్ అంటారు. ఇడైసేవల్ ఊరి కి. రాజనారాయణన్ గారు, ఇంట్లో తెలుగు మాట్లాడి తమిళంలో రాసిన మహానుభావుడు, 'గోపల్ల గ్రామం'లో చెప్పింది ఈ నడక గురించే, అడవి కొట్టి ఊరు కట్టడం గురించే. వచ్చినాము అని చెప్పుకోవడానికి ఆయన సిగ్గుపడలేదు. ఆ తర్వాతి నవల 'గోపల్లపురత్తు మక్కళ్'కు సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. తమిళ పాఠకులు ఆయన్ను వందేరి అనలేదు, నెత్తిన పెట్టుకున్నారు.

ఒక నెలవంక రాయి చెక్కినవాడు ఇంట్లో ఏ భాష మాట్లాడినాడో ఆ రాయి చెప్పదు. తెలుగు అనే భాష తెలుగుగా విడివడక ముందు కాలం అది. తమిళం కూడా అంతే. వాడు మనవాడు కాదు, మనల్ని వందేరి అనేవాడి ముత్తాత కూడా కాదు. ద్రావిడ భాషలకు వ్యాకరణం రాసిన కాల్డ్‌వెల్ ఈ తేరి పక్కనే ఇడైయన్‌గుడిలో దశాబ్దాలు కాపురం ఉన్నాడు. భాషల కుటుంబం వేరు, మనుషుల కుటుంబం వేరు. ఆయన తర్వాత వచ్చినవాళ్ళం ఆ రెండింటినీ కలిపేసి ఈనాటికీ కొట్టుకుంటున్నాం. ఇప్పుడు రాళ్ళను కూడా ఆ పంచాయితీకి సాక్ష్యం పిలవడం నాకు నచ్చలేదు.

ఇంకో సంగతి. ఆ ఎర్ర అక్షరాల వాదం మనకే ఎదురు తిరుగుతుంది. "6,000 ఏళ్ళు ఉన్నవాడిదే ఊరు" అని మనమే ఒప్పుకుంటే, 500 ఏళ్ళ కిందట వచ్చినవాడి ఊరు ఎవరిది? మా మేనల్లుడు ఇది విని చాలాసేపు మాట్లాడలేదు. "అయితే వాళ్ళకు ఏమి చెప్పేది మామా?" అన్నాడు. "ఐదువందల ఏళ్ళుగా ఉండాము, చెరువు తవ్వినాము, పన్ను కట్టినాము, మీ పాట మేము పాడినాము అని చెప్పు. ఆ వోచర్లు మన దగ్గర ఉండాయి" అన్నాను. వాడు ఫోటో పంపలేదు, కానీ గుంపులోంచి తీసేయమని చెప్పడానికి మొహమాటపడుతున్నాడు. అందుకే నేను ఇక్కడ రాస్తున్నాను.

1956 వ్యాసం మాత్రం అందరూ చదవండి. ఇంగ్లీషు కష్టం కాదు, బొమ్మలు చూస్తేనే సగం తెలుస్తుంది. దాంట్లో తప్పనిపించినవి చెప్పినాను గానీ, మన జిల్లా ఇసుకను అంత ఓపికగా చూసినవాళ్ళు అంతకుముందు లేరు.

చివరగా ఒక మనవి. సూరంగుడి, కుళత్తూరు, విళాత్తికుళం పక్క మన ఇళ్ళల్లో ఇసుకకు, గుట్టకు, ఉప్పునేలకు, వాగు సముద్రంలో కలిసే చోటుకు వాడే తెలుగు మాటలు ఎవరికైనా గుర్తుంటే పంపండి. మా అవ్వ దిన్నె వేరు, దిబ్బ వేరు, తిప్ప వేరు అనేది. తేడా ఏమిటో అడగకుండానే ఆమె పోయింది. ఊరి పేరు, చెప్పినవారి వయసు కూడా రాయండి.